పన్నెండు చుట్ల కిటికీ

రోస్విటా బోయర్లేకూ నాకూ ఇరవై ఆరేళ్ళపాటు పడలేదు. పెద్ద గొడవలేమీ కావు. ఆమె బూట్లకంటుకున్న తోటమట్టి మెట్ల మీద రాలేది, అదీ సరిగ్గా నేను తుడిచిన వారంలోనే రాలేది. తెల్లవారకముందే పనికి బయల్దేరుతూ వీధితలుపు ధడాలున వేసేది. నేను ట్రామ్ నడిపేవాణ్ణి. ఆఖరి బండి షెడ్డులో పెట్టి వచ్చి అప్పుడే కన్ను మూసినవాడికి ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది. "ష్టోల్ గారూ, మొక్కలు మీ నిద్ర చూసుకొని లేవవండీ" అనేది. అలాంటి మనిషి గురించి ఇప్పుడు నేనే కూర్చొని రాయాల్సి వచ్చింది. రాయకపోతే నా మనసు ఊరుకోదు.

మాది ష్టుట్‌గార్ట్‌లో హెస్లాఖ్ పేట. ఊరు గిన్నె అడుగున ఉంటుంది, చుట్టూ కొండలు. ఎండాకాలం వేడి ఆ గిన్నెలో నిలబడిపోతుంది. పొద్దుగూకాక మాత్రం అడవి లోయలోంచి చల్లగాలి మెల్లగా మా వీధి మీదుగా దిగుతుంది. మా ఇంట్లో ఏడు వాటాలు. నేను కింద. బోయర్లే అక్కచెల్లెళ్ళు పైకప్పు కింద అటక వాటాలో. మధ్యలో అరవై మూడు మెట్లు. లిఫ్టు లేదు.

మా వాళ్ళకు రెండు పిచ్చులు: ఊడవడం, ఇంటికి గాలి పెట్టడం. మెట్లు ఊడ్చి తుడిచే వంతు వారానికొక వాటాది. వంతు ఎవరిదో వాళ్ళ తలుపు పిడికి ఒక చెక్కపలక వేలాడుతుంది. ఆదివారం సాయంత్రానికి అది పక్క తలుపుకు మారుతుంది. పలక వేలాడుతుండగా వంతు ఎగ్గొట్టి ఊరెళ్ళినవాణ్ణి మేం పదేళ్ళయినా మరచిపోం. ఇక గాలి సంగతి. బయట మంచు కురుస్తున్నా సరే, కిటికీలు బార్లా తెరిచి స్వెట్టరేసుకొని కూర్చునే జాతి మాది. రోజుకు ఇన్నిసార్లు గాలి పెడతానని అద్దె కాగితంలో రాసి సంతకం చేయనిదే ఇల్లు ఇవ్వం.

ఇంటి నియమాల పటం నా తలుపు పక్కనే గోడకుంటుంది. దానికి నలభై ఏళ్ళుగా కాపలా నేనే. ఎవరూ పెట్టలేదు, నాకు నేనే పెట్టుకున్నాను. అందులో ఏడో నియమం ఇది: మెట్లు తుడిచిన పిమ్మట మధ్యాహ్నం పన్నెండింటికి కిందితలుపులు, పైకప్పు కిటికీ తెరిచి పావుగంట గాలి పెట్టవలెను, సాయంత్రం ఎనిమిది దాటాక ఏదీ తెరవరాదు. పైకప్పు కిటికీ అంటే మెట్ల బావికి సరిగ్గా నెత్తిన ఉండే పెద్ద గాజుపలక. అటక వాటా గుమ్మం పక్కన గోడకున్న ఇనుప పిడిని పన్నెండు చుట్లు తిప్పితే అది పైకి లేస్తుంది. పాతకాలపు సరుకు, బిగుసుగా తిరుగుతుంది. చుట్టు చుట్టుకూ మూలుగుతుంది. ఆ మూలుగు కింద నా వంటగదిలోకి వినబడుతుంది.

రోస్విటా పదహారో ఏట ఒక మొక్కల తోటలో పనికి చేరింది. గాజు షెడ్డుల్లో పూలమొక్కలు పెంచే పని. నలభై ఒక్క ఏళ్ళు అదే పని, అదే తోట. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఒకసారి అడిగాను. "అడిగినవాళ్ళు పొద్దున్నే లేచే రకం కాదండీ" అంది. ఆమె చేతులు చూస్తే భయమేస్తుంది, ఒక్కో వేలూ పార కర్రలా ఉంటుంది.

చేరిన మరుసటేడు మే నెలలో ఒక ఆదివారం ఆమెకు షెడ్డు కాపలా పడింది. ఎండెక్కాక పక్క కిటికీలన్నీ తెరిచింది. గాలి వస్తోంది కదా అని పై కిటికీల సంగతి మరిచి చెరువు దగ్గర కూర్చొని రొట్టె తిన్నది. తిరిగొచ్చేసరికి ఎనిమిది వందల పూలమొక్కలు ఉడికిన పాలకూరలా వాలిపోయి ఉన్నాయి. తోట పెద్దాయన తిట్టలేదు. ఆమెను ఆ మొక్కల మధ్య నిలబెట్టి తలుపు మూసి, కాసేపయ్యాక తీసి, "ఇప్పుడు తెలిసిందా? గాలికి రెండు తలుపులు కావాలి. కింద ఒకటి వచ్చేందుకు, పైన ఒకటి పోయేందుకు. వేడిని లోపలికి రానిచ్చాక తరమడం కాదు, రాకముందే ఆపాలి" అన్నాడట. ఈ కథ ఆమె నాకు చాలా ఆలస్యంగా చెప్పింది. ముందే చెప్పి ఉంటే నేను విని ఉండేవాణ్ణని మాత్రం అనను.

ఆమె చెల్లెలు లోరె, తొమ్మిదేళ్ళు చిన్న. టైలరింగ్ దుకాణంలో బట్ట కత్తిరించేది. నలభై దాటాక నరాల జబ్బు పట్టుకుంది. మామూలప్పుడు గోడ పట్టుకొని నడుస్తుంది, కూర్చొని బంగాళదుంపలు తరుగుతుంది, మాటకు మాట అప్పజెప్తుంది. ఒంటికి వేడి తగిలితే మాత్రం కాళ్ళూ చేతులూ ఆమె మాట వినవు. చల్లబడితే మళ్ళీ వస్తాయి. పన్నెండేళ్ళ కిందట అక్క ఆమెను తన అటక వాటాకు తెచ్చుకుంది. అప్పట్లో మా ఎండాకాలాలు ఇంత పాడుగా లేవు.

నిరుడు జూలైలో ఆ గదిలో ముప్పై ఆరు డిగ్రీలు. పగలంతా పెంకులు కాగడం, రాత్రంతా ఆ వేడి గదిలోకి దిగడం. లోరె చెంచా పట్టుకోలేకపోయింది. నాలుగో రోజున అంబులెన్సువాళ్ళు ఆమెను కుర్చీకి కట్టి అరవై మూడు మెట్లూ దింపారు. వీధితలుపు తెరిచి పట్టుకున్నది నేనే. నా ముందుగా వెళ్తూ "క్షమించండి ష్టోల్ గారూ, ఈ వారం మెట్లు తొక్కకుండానే దిగుతున్నా" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక టోపీ తీశాను.

అంతకుముందు రోస్విటా గదిని చల్లబరిచే యంత్రం ఒకటి కొని తెచ్చింది. లావుపాటి గొట్టం కిటికీలోంచి బయటికి వేలాడేది. గొట్టం దూరడానికి కిటికీ తెరిచి ఉంచాలి, తెరిచిన కిటికీలోంచి వేడి తిరిగి రావాలి. చిల్లికుండలో నీళ్ళు పోయడమే. మూడో రోజున ఇల్లంతటికీ ఫ్యూజు ఎగిరింది. నేను పైకెళ్ళి నాలుగు మాటలన్నాను. ఆమె యంత్రాన్ని దుప్పట్లో చుట్టి నేలమాళిగలో పెట్టేసింది.

సెప్టెంబరులో లోరె తిరిగొచ్చింది. వెనకాలే డాక్టరమ్మ వచ్చి ఒక కాగితం తీసింది. పైఊళ్ళో ఉన్న సంరక్షణ గృహానికి పంపే కాగితం. కింది అంతస్తులో వేరే ఇల్లు దొరుకుతుందేమోనని రోస్విటా అప్పటికే కాళ్ళరిగేలా తిరిగి వచ్చింది. ఈ ఊళ్ళో ఇల్లు దొరకడం కన్నా దేవుడు దొరకడం తేలిక.

"ఇంకో ఎండాకాలం ఈ గదిలో ఈమె గడపలేరు" అంది డాక్టరమ్మ.

"గదిని మారుస్తాను" అంది రోస్విటా.

"గదిని ఎలా మారుస్తారండీ?"

"అది నా పని. మీరు ఆగస్టులో రండి. బాగా కాలే రోజు చూసుకొనే రండి. మా చెల్లెలు తన కాళ్ళ మీద నిలబడలేకపోతే మీ కాగితం మీద నేనే సంతకం పెడతాను."

డాక్టరమ్మ లోరె వైపు చూసింది. "మీరేమంటారు?"

"ఆ ఊళ్ళో నాకెవరూ తెలీదు. ఇక్కడైతే తిట్టుకోడానికైనా ష్టోల్ గారున్నారు" అంది లోరె. ఈ ముక్క రెండో అంతస్తు కల్లియోపి గారు నాకు చెప్పింది. ఆమె ఆ సమయానికి సూపు గిన్నెతో అక్కడే ఉంది.

ఆ చలికాలమంతా రోస్విటా థర్మామీటరు పట్టుకొని ఇల్లంతా తిరిగింది. నేలమాళిగలో ఎంత, ఒక్కో అంతస్తులో ఎంత, తన గదిలో ఎంత. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం తలుపు తీస్తే మెట్ల మీద చుట్ట కంపు. నేలమాళిగ గుమ్మం దగ్గర రోస్విటా నిలబడి చవకరకం చుట్ట ఒకటి వెలిగించి దగ్గుతోంది.

"ఇదేంటి బోయర్లే గారూ, ఈ వయసులో కొత్తలవాట్లు?"

"ష్, లెక్కపెడుతున్నా." ఆమె పైకి కేకేసింది. "వచ్చిందా?"

అరవై మూడు మెట్ల మీదనుంచి లోరె గొంతు వినబడింది. "ఇప్పుడే వచ్చింది. కంపు కంపు."

"నిమిషం కూడా పట్టలేదు. విన్నారా? మీరు మెట్లు అనుకుంటున్నారు కానీ ఇది పొగగొట్టం. కింద తలుపూ పైన కిటికీ రెండూ తెరిస్తే ఇల్లు దానంతటదే ఊపిరి పీలుస్తుంది. కరెంటక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు."

"చుట్ట మాత్రం కావాలి" అన్నాను. తలుపేసుకున్నాను.

ఏప్రిల్లో బట్టలారేసే అటకలో అందరినీ కూర్చోబెట్టింది. ఆమె అడిగినవి నాలుగే. జూన్ నుంచి సాయంత్రం ఎనిమిదికి బయటికున్న నేలమాళిగ తలుపు, పైకప్పు కిటికీ తెరవాలి, పొద్దున ఆరింటికి రెండూ మూయాలి. ప్రతి వాటా తలుపు మీదా రంగుపూసి బిగించేసిన వెంటిలేటరును విడిపించాలి, రాత్రి తెరిచి ఉంచాలి. పైకప్పు గాజుకు బయటనుంచి సున్నం కొట్టాలి. పగలు, ఎవరెంత మొత్తుకున్నా, ఏదీ తెరవకూడదు.

మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సాయంత్రం తెరిచి పగలు మూయడమా? పుట్టి బుద్ధెరిగాక చేసింది దీనికి తలకిందులు. మొదట లేచింది నేనే.

"పగలు గాలి పెట్టకపోతే ఇల్లు బూజు పడుతుంది. రాత్రి తలుపు తీసిపెడితే దొంగలు పడతారు."

"బూజు చలికాలపు గొడవండీ. జూలైలో నేలమాళిగలోకి మధ్యాహ్నపు గాలి పెడితేనే గోడలు చెమ్మెక్కేది. తలుపుకు ఇనుప ఊచల గేటు పెట్టిస్తాను, ఇంటాయనతో మాట్లాడాను. గాలి దూరుతుంది, దొంగ దూరడు."

"సున్నం కొడితే మెట్లన్నీ చీకటి."

"సగం వెలుగొస్తుంది. షెడ్డుల్లో నలభై ఏళ్ళు అదే చేశాం. చలికాలం వచ్చేసరికి వానలకు కడుక్కుపోతుంది."

అప్పుడు కల్లియోపి గారు నోరు విప్పింది. థెస్సలోనికి దగ్గరి పల్లెనుంచి వచ్చి మా ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఉంటోంది. "మా ఊళ్ళో మా నాయనమ్మ చేసింది ఇదే. ఎండొస్తే చెక్కతలుపులు మూసెయ్, పొద్దుపోతే తెరువు. నేనిక్కడికొచ్చి అలాగే మూసుకుంటే మీరంతా నన్నేమన్నారు? గుడ్లగూబ కాపురం అన్నారు. మెట్ల మీద నా పిల్లల్ని ఆపి, ఇంట్లో ఎవరైనా చచ్చారా అని అడిగారు. ఎవరడిగారో చెప్పనా?"

అడిగింది నేను. 

ఆరు చేతులు లేచాయి. ఒంటిగా మిగిలితే బాగుండదని నేనూ చెయ్యి లేపాను. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని కదా నేను, రోస్విటా వచ్చి పటంలో ఏడో నియమం కొట్టెయ్యమంటే కుదరదన్నాను. "ఎండాకాలం ఒక్కటీ గడవనివ్వండి, చూద్దాం. పటం మీద చెయ్యి పెట్టేది లేదు." ఆమె విత్తనాల పెట్టె చెక్కతో కొత్త పలక చేసి, 'సాయంత్రం తెరవాలి, పొద్దున మూయాలి' అని రాసి, ఊడ్పు పలక కిందనే కట్టింది. అలా మా గోడ మీద ఒక నియమం, తలుపు మీద ఇంకో నియమం అయ్యాయి.

మే నెలలో ఆ అరవై నాలుగేళ్ళ మనిషి నడుముకు తాడు కట్టుకొని పైకప్పు మీదికెక్కి గాజుకు సున్నం కొట్టింది. తమ వాటా కిటికీలకు బయటివైపు షెడ్డుల మీద కప్పే నీడవల బిగించింది. లోపల తెరలుండగా ఇదెందుకన్నాను. "గాజు దాటొచ్చాక ఎండ మీ ఇంట్లో చుట్టమైపోయినట్టేనండీ. ఇక తెర వేసుకుంటే దాని మొహం కనబడదు, అంతే" అంది. తర్వాత గీకుడు పట్టీ తీసుకొని ఇంటింటికీ వచ్చి వెంటిలేటర్లు ఊడదీసింది. నా తలుపు మీదిది మా ఆవిడ బతికుండగా రంగేసి మూసింది. అది తెరుచుకున్నప్పుడు నాకు కాస్త బెంగగా అనిపించింది, కానీ చెప్పలేదు.

జూన్ బాగా సాగింది. వంతు ఎవరిదైతే వాళ్ళు సాయంత్రం ఎనిమిదింటికి అటక దాకా ఎక్కి పిడి తిప్పాలి కదా. లోరె ఆ వేళకు గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చునేది. ఎక్కినవాళ్ళకు ఊరవేసిన దోసకాయ ముక్క ఒకటి చేతిలో పెట్టేది, మధ్యమధ్య ఎగతాళి చేసేది. ఏళ్ళ తరబడి ఆమె మొహం చూడనివాళ్ళు కూడా దోసకాయ కోసం పది నిమిషాలు నిలబడటం మొదలుపెట్టారు. పొద్దున నా వంటగదిలో నేల చల్లగా తగిలేది. ఆ సంగతి నేనెవరితోనూ అనలేదు.

జూలై మొదటి వారం వంతు నాది. రోజూ ఎక్కాను, తిప్పాను, దిగాను, మోకాళ్ళు నొప్పెట్టినా మాట పడలేదు. శనివారం వచ్చింది. శనివారమంటే మెట్లు తడిబట్టతో తుడిచే రోజు. బయట ముప్పై ఐదు డిగ్రీలు. కిందనుంచి పైదాకా అద్దంలా తుడిచాను. పన్నెండు గంటలు కొట్టారు చర్చిలో. నలభై ఏళ్ళుగా తడి మెట్ల మీద ఆ గంట వినగానే నా చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. పైన పన్నెండు చుట్లు తిప్పాను. కిందికొచ్చి వీధితలుపు బార్లా తెరిచి చెక్కముక్క అడ్డం పెట్టాను. నేలమాళిగ తలుపూ తీశాను. ఒక్క క్షణం ఏదో తప్పు చేస్తున్నానని తోచింది కూడా. పటం వైపు చూశాను. పటంలో రాసే ఉంది. లోపలికెళ్ళి పప్పూ, గుడ్డు కలిపిన సేమియా తిని, పావుగంటేగా అని కుర్చీలో వాలాను. మెలకువ వచ్చేసరికి రెండు దాటింది.

నిద్ర లేపింది కల్లియోపి గారు, తలుపు మీద పిడికిలితో.

"తెరిచింది మీరేనా? చెప్పండి, మీరేనా? ఆవిడ పడిపోయింది పైన."

రోస్విటా సంతకెళ్ళింది. పొద్దుటి చల్లదనానికని లోరె తలుపు ఓరగా పెట్టుకొని పడుకుంది. రెండు గంటలసేపు వీధిలోని వేడంతా మెట్ల బావిలోంచి ఎక్కి ఆ తలుపు దగ్గరికే పోయింది. ఆమెకు మెలకువ వచ్చి, కిటికీ తెరిచి ఉందని చూసి, మూయాలని లేచింది. పిడి పట్టుకొని ఒక్క చుట్టు తిప్పగలిగింది. తర్వాత చేతులు మాట వినలేదు, ఆ వెంటనే కాళ్ళు. నుదురు గోడకు తగిలింది.

నేను పైకెళ్ళేసరికి రోస్విటా వచ్చేసింది. లోరె మంచం మీద ఉంది, నుదుటి మీద తడిబట్ట, మాట ముద్దముద్దగా వస్తోంది. రోస్విటా నా మీద అరుస్తుందని ఎదురుచూశాను. అరిస్తే బాగుండును. ఆమె తలుపు మూసి, గోడ వారగా ఉన్న స్టూలు చూపించింది.

"కూర్చోండి ష్టోల్ గారూ."

"నేను... అలవాటులో..."

"కూర్చోండి."

కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. పెంకుల కింద ఆ గదిలో చెమట నా వీపు మీదనుంచి కారింది, నాలుక అంటుకుపోయింది, చెవుల్లో రక్తం కొట్టుకుంది. ఎదురుగా ఆ మనిషి చెయ్యి దుప్పటి మీద పడి ఉంది, ఈగ వాలితే తోలుకోలేకపోతోంది. ఈగను నేనే తోలాను. నిరుడు ఇక్కడ నాలుగు రోజులు. నేను పైకొచ్చి ఫ్యూజు గురించి తిట్టింది ఆ నాలుగు రోజుల్లోనే.  నా పనితనం, నా పటం, నా నలభై ఏళ్ళ కాపలా, అన్నీ కలిసి ఒక ఆడమనిషిని నేల మీద పడేశాయి.

సాయంత్రానికి లోరెకు మాట తేలింది. నా వైపు చూసి, "మెట్లు మాత్రం... బాగా తుడిచారు" అంది.

కిందికొచ్చి పటం దింపాను. అద్దం తీసి, స్కేలు పెట్టి, ఎర్ర పెన్సిలుతో ఏడో నియమం మీద గీత కొట్టాను. కింద ఖాళీలో రాయమని రోస్విటాకు పెన్సిలిచ్చాను. ఆమె పలక మీది మాటలే రెండు వాక్యాలుగా రాసింది. ఆ రోజునుంచి పగలు వీధితలుపు తెరిచి నిలబడి కబుర్లు చెప్పినవాడికి నా చేతిలో మూడింది. పోస్టుమాన్‌తో సహా.

ఆగస్టు రెండో వారంలో అసలు ఎండ మొదలైంది. ఏడు రోజులు వరసగా ముప్పై ఆరు, ముప్పై ఏడు. ట్రామ్ పట్టాలు వంకర్లు పోతాయేమోనని బళ్ళు నెమ్మదిగా నడిపారు. వంతు తిరిగి తిరిగి అటక వాటాకు వచ్చింది. రెండు పలకలూ బోయర్లే వారి తలుపు పిడికి వేలాడుతున్నాయి. కింది తలుపు పని మాత్రం నేను మీదేసుకున్నాను. సోమవారం సాయంత్రం నేలమాళిగ తలుపు తీయడానికి సిద్ధంగా ఉండగా పైన అక్కచెల్లెళ్ళ మాటలు వినబడ్డాయి.

"నువ్వు కూర్చో లోరె, నేను తిప్పుతాను."

"పలక నీ ఒక్కదాని తలుపుకుందా? మన ఇద్దరి తలుపుకుంది. పన్నెండేళ్ళుగా నా వంతు కూడా నువ్వే చేస్తున్నావు. ఈ వారం నాది."

"పడతావే."

"పడితే ష్టోల్ గారు బాగా తుడిచిన మెట్ల మీదే కదా పడేది."

ఆ రోజు ఆమె రెండు చుట్లు తిప్పింది, మిగతావి అక్క తిప్పింది. మంగళవారం నాలుగు. బుధవారం నాలుగే. ఇల్లంతా ఆ లెక్క చూసుకుంటోంది, ఎవరూ పైకి అనడం లేదు. రోస్విటా తెల్లవారుజామునే లేచి చల్లగాలి ఆఖరి చుక్క దాకా లోపలికి తీసుకొని, ఆరు కొట్టగానే అన్నీ మూసేది. ఉన్న కిటికీ ప్రతిదీ వల కింద. కల్లియోపి గారు మధ్యాహ్నం వచ్చి తడి దుప్పటి ఆరేసి పోయేది. గదిలో థర్మామీటరు ఇరవై ఏడు దాటలేదు. నిరుడు ముప్పై ఆరు.

డాక్టరమ్మ గురువారం వచ్చింది. కాలే రోజు చూసుకొని రమ్మన్నారు కదా, ఆ ఏడాదికే పెద్ద ఎండ ఆ రోజు. పనులన్నీ ముగించుకొని వచ్చేసరికి ఏడు ముప్పావు. నన్ను దాటి మెట్లెక్కింది. సంచిలోంచి కాగితం అంచు బయటికి కనబడుతోంది. నేను నేలమాళిగ గుమ్మం దగ్గర తలుపు తాళంచెవి పట్టుకొని నిలబడ్డాను. పైకి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు.

పైన జరిగింది తర్వాత కల్లియోపి గారు చెప్పింది. డాక్టరమ్మ థర్మామీటరు చూసి, లోరె మోకాలు మీద చిన్న సుత్తితో కొట్టి, వేళ్ళు పట్టుకొని నొక్కమంది. కాసేపు నిలబడి చూపించమంది. అప్పుడే చర్చి గంటలు ఎనిమిది కొట్టాయి.

"ఒక్క నిమిషం ఆగండి డాక్టరమ్మా, నాకు పనుంది" అని లోరె గోడ పట్టుకొని గుమ్మం దాటింది.

నాకు కిందికి వినబడింది మొదటి మూలుగు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నేను తాళంచెవిని అరచేతిలో బిగించాను. ఐదు. ఆరు. ఏడు. ఆగింది.

ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు తలుపు వెనక నిలబడి ఉన్నారని నాకు తెలుసు. అక్క చెయ్యి వేస్తుందేమో, డాక్టరమ్మ చెయ్యి వేస్తుందేమో అనుకున్నాను. వేయకండి, వేయకండి అని నాలో నేను అనుకున్నాను. రోస్విటా తన రెండు చేతులూ వెనక్కి పెట్టి ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడిందట, ఆ లావుపాటి వేళ్ళు తెల్లబడేలా. లోరె పిడి మీద చేతులుంచి, నుదురు గోడకానించి ఊపిరి తీసుకుందట.

ఎనిమిది. తొమ్మిది. పదో చుట్టు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పదకొండు. పన్నెండు.

"ష్టోల్ గారూ!" పైనుంచి లోరె గొంతు, స్పష్టంగా. "కింద తెరిచారా?"

 తాళం తీసి తలుపు తెరిచాను. లోయలోంచి వచ్చిన గాలి నా పాదాల పక్కనుంచి లోపలికి వెళ్ళి మెట్లెక్కడం మొదలుపెట్టింది.

"తెరిచానమ్మా" అన్నాను. 

డాక్టరమ్మ దిగి వచ్చింది. కాగితం చేతిలో ఉంది. సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేసి, పారేయడానికి చోటు కోసం చూసింది. నేను చెయ్యి చాపి తీసుకున్నాను. ఆమె వెంటనే వెళ్ళిపోలేదు, చల్లగాలికి అడ్డంగా ఆఖరి మెట్టు మీద కాసేపు నిలబడింది. ఆమె చూపు పటం మీద పడింది.

"ఈ నియమం ఎవరు రాశారండీ?"

"రాసింది బోయర్లే గారు" అన్నాను. "పాతది కొట్టేసింది మాత్రం నేను."